సంతకం ఉన్న దేశం, సంతకం లేని దేశం

మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీ క్లాసు. శ్రీకాకుళం నుంచి వెళ్లిన అమ్మాయి, ఖాట్మండు నుంచి వచ్చిన అమ్మాయి పక్కపక్కనే కూర్చున్నారనుకోండి. ఇద్దరిదీ ఒకే రెండేళ్ల మాస్టర్స్. ఫీజు ఒకటే, పరీక్షలు అవే, మార్కులూ సమానం. చదువు అయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి 485 అనే వీసాకి ఇద్దరూ దరఖాస్తు పెడతారు. ఖాట్మండు అమ్మాయికి 2 ఏళ్లు వస్తాయి, మన అమ్మాయికి 3 ఏళ్లు.

ఆ ఒక్క ఏడాది ఏ కన్సల్టెన్సీ సంపాదించి పెట్టింది కాదు. 2022 ఏప్రిల్ 2న భారత్, ఆస్ట్రేలియా వాణిజ్య మంత్రులు పెట్టిన సంతకం వల్ల వచ్చింది. ఆ ఒప్పందాన్ని ఎక్టా అంటారు. 2022 డిసెంబర్ 29 నుంచి అమల్లో ఉంది. బొగ్గు, ఉన్ని, మసూర్ పప్పు, వైన్ మీద సుంకాలు తగ్గించే ఒప్పందంగానే మన పేపర్లలో ఎక్కువగా వచ్చింది. అదే ఒప్పందంలో భాగంగా మన విద్యార్థులు చదువయ్యాక అక్కడ ఎన్నేళ్లు ఉండొచ్చో కూడా రాసుకున్నారు. ఆ సంగతి మన ఊళ్ల దాకా సరిగ్గా రాలేదు.

విజయనగరం జిల్లాలో వాణిజ్య విధానం అంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చే జనపనార దారం, గోనె సంచుల మీద 2017 జనవరిలో కేంద్రం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. అలాంటి నిర్ణయం మిల్లు షిఫ్టుల మీద, గోగునార ధర మీద ఎలా పడుతుందో నెల్లిమర్ల మిల్లు కార్మికుడికీ తెలుసు, గోగు వేసే రైతుకీ తెలుసు. ఢిల్లీలో సంతకం పడితే ఇక్కడ సంచి ధర మారుతుందని తెలిసినవాళ్లమే. పిల్లాడి చదువు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ లెక్క వదిలేసి, ఏడు రోడ్ల జంక్షన్‌లోనో మూడు లాంతర్ల దగ్గరో ఫ్లెక్సీ మీద ఏ జెండా పెద్దదిగా ఉందో చూసి దేశం ఎంచుకుంటున్నాం.

నిజానికి అంతర్జాతీయ వాణిజ్య చట్టంలో విదేశీ చదువు కూడా సరుకు లాంటిదే. ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు 1995లో అమల్లోకి వచ్చిన సేవల ఒప్పందం, గాట్స్, సేవలు సరిహద్దు దాటే పద్ధతుల్ని నాలుగుగా విడగొట్టింది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదవడం మొదటిది. విద్యార్థే ఆ దేశానికి వెళ్లి చదవడం రెండోది. యూనివర్సిటీయే ఇక్కడికి వచ్చి క్యాంపస్ పెట్టడం మూడోది. గుజరాత్ గిఫ్ట్ సిటీలో డీకిన్, వొలొంగాంగ్ క్యాంపస్‌లు, గురుగ్రామ్‌లో సౌతాంప్టన్ ఆ మూడో దారిలో వచ్చినవే. పని చేయడానికి మనిషి వెళ్లడం నాలుగోది. మన పిల్లలు రెండో దారిలో బయల్దేరి నాలుగో దారిలో స్థిరపడాలని చూస్తారు. దేశాలు రెండో తలుపు బార్లా తెరిచి పెడతాయి, ఎందుకంటే ఫీజులు వస్తాయి. నాలుగో తలుపు దగ్గర మాత్రం కాపలా ఉంటుంది. ఆ రెండు తలుపుల మధ్య నడవా ఎంత పొడవుంది, దాని తాళం ఎవరి చేతిలో ఉంది అన్నదే దేశం ఎంచుకునే ముందు చూడాల్సింది.

నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. ఒక దేశం మనకు ఇస్తున్న సౌకర్యం రెండు దేశాల ఒప్పందంలో రాసి ఉందా, లేక ఆ దేశం తన అవసరం కొద్దీ ఇచ్చిందా అని విడదీసి చూడాలి. ఒప్పందంలో ఉన్నదాన్ని ఒక్క ప్రభుత్వం ఒక్క రాత్రిలో తీసేయడం కష్టం. తనంతట ఇచ్చినదాన్ని మీ వాడు రెండో సెమిస్టర్‌లో ఉండగానే తీసేస్తుంది.

దీనికి ఆస్ట్రేలియా 2024 జూలై 1న చేసిన మార్పు కంటే మంచి సాక్ష్యం లేదు. ఆ రోజు నుంచి 485 వీసా గడువును చాలా దేశాల విద్యార్థులకు తగ్గించారు. కోర్స్‌వర్క్ మాస్టర్స్‌కి 2 ఏళ్లు, పీహెచ్‌డీకి 3 ఏళ్లు అన్నారు. భారతీయులకు ఎక్టాలో రాసినవి అలాగే ఉంచారు: మామూలు డిగ్రీకి 2 ఏళ్లు, సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితాల్లో ఫస్ట్ క్లాస్ ఆనర్స్‌తో పాసైతే 3, మాస్టర్స్‌కి 3, పీహెచ్‌డీకి 4. అయితే అదే రోజు వయసు పరిమితిని 50 నుంచి 35కి దించారు. కోర్స్‌వర్క్ డిగ్రీలు చేసే మనవాళ్లకి కూడా అది వర్తించింది. ఎందుకంటే ఒప్పందంలో గడువు గురించి ఉంది, వయసు గురించి లేదు. కొన్ని ఎంపిక చేసిన కోర్సులకు అదనంగా ఇస్తున్న 2 ఏళ్లు కూడా పోయాయి, అది కూడా ఒప్పందంలో లేదు కాబట్టి. చదువుకునే వీసా ఫీజు 710 డాలర్ల నుంచి 1,600కి, 2025 జూలైలో 2,000కి వెళ్లింది. చూపించాల్సిన ఏడాది ఖర్చు 2024 మే నుంచి 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు అయింది. కాగితం మీద ఉన్నది నిలిచింది, లేనిది కొట్టుకుపోయింది.

ఆ వయసు సంగతి మన దగ్గర చాలామంది చూసుకోవడం లేదు. బీటెక్ అయ్యాక పదేళ్లు ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, 34 ఏళ్లకు ఆస్ట్రేలియా మాస్టర్స్‌కి వెళ్తే చదువు పూర్తయ్యే వేళకు 36 దాటుతుంది. చదువుకునే వీసా వస్తుంది, క్లాసులు జరుగుతాయి, పట్టా చేతికి వస్తుంది. 485 మాత్రం రాదు. రీసెర్చి మాస్టర్స్‌కి, పీహెచ్‌డీకి 50 దాకా వెసులుబాటు ఉంది. ఆ వయసులో వెళ్లాలనుకునేవాళ్లు కోర్సు రకం మార్చుకోవడమే దారి.

ఇంకో చిక్కు 92 వారాలు. 485 రావాలంటే ఆస్ట్రేలియాలో రిజిస్టరైన కోర్సు కనీసం 92 వారాలది అయి ఉండాలి, దాన్ని కనీసం 16 నెలల పాటు చదివి ఉండాలి. ఏడాదిన్నర మాస్టర్స్ చౌక అని చేరితే ఒక్క కోర్సుతో ఆ లెక్క నిండదు. రెండేళ్ల కోర్సులో చేరినా, మీ బీటెక్ సబ్జెక్టులకు క్రెడిట్ ఇచ్చి ఒక సెమిస్టర్ తగ్గిస్తామని యూనివర్సిటీ అంటే ఎగిరి గంతేయకండి. తగ్గిన ఆ వారాలు 92లో కలవవు. ఒక సెమిస్టర్ ఫీజు మిగిల్చుకోబోయి మూడేళ్ల వీసా పోగొట్టుకున్నట్టవుతుంది. చదువు పూర్తయిన 6 నెలల్లోపు దరఖాస్తు పెట్టాలి. ఇంగ్లీష్ స్కోరు కొత్తది కావాలి: ఐఈఎల్‌టీఎస్ మొత్తం 6.5, ఏ విభాగంలోనూ 5.5కి తగ్గకూడదు, పరీక్ష రాసి ఏడాది దాటకూడదు. వెళ్లేటప్పుడు విశాఖలో రాసిన పరీక్ష అప్పటికి పనికిరాదు.

ఇప్పుడు అమెరికా. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది అక్కడికే. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, ఆ ఏడాది చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చారు. ఇంతమంది వెళ్తున్న దేశంతో విద్యార్థుల ఉద్యోగ హక్కు గురించి మనకు ఒక్క వాణిజ్య ఒప్పందపు వాక్యం కూడా లేదు. సింగపూర్, చిలీ 2003లో అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు చేసుకున్నాయి. వాటి ఫలితంగా హెచ్-1బి అనే ఉద్యోగ వీసాల కోటా 65,000లో నుంచి ఏటా 5,400 సింగపూర్ వాళ్లకు, 1,400 చిలీ వాళ్లకు పక్కన పెడతారు. ఆస్ట్రేలియా ఒప్పందం చేసుకున్నాక 2005లో వాళ్లకు ఈ-3 అని ఏటా 10,500 వీసాలు విడిగా వచ్చాయి. చిలీ జనాభా 2 కోట్ల లోపే. మన పిల్లలు మాత్రం అందరితో పాటు లాటరీలో పేరు వేసి కూర్చోవాలి. మన దేశంలో చదువు తక్కువై కాదు, ఆ సంతకం లేకనే.

అమెరికాలో చదువయ్యాక చేసే ఓపీటీ, అంటే 12 నెలల పని అనుమతి, దాని మీద సైన్స్, టెక్నాలజీ కోర్సులకు ఇచ్చే అదనపు 24 నెలలు, రెండూ ప్రభుత్వ శాఖ పెట్టిన నిబంధనలు. కాంగ్రెస్ చేసిన చట్టమూ కాదు, మనతో చేసుకున్న ఒప్పందమూ కాదు. 2008లో ఆ అదనపు గడువు 17 నెలలుగా మొదలైంది, 2016లో 24 అయింది. నిబంధనతో పెరిగింది నిబంధనతోనే తగ్గొచ్చు. 2025 సెప్టెంబర్‌లో ఒక్క అధ్యక్ష ప్రకటనతో, దేశం బయట ఉన్నవాళ్ల కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము వచ్చి పడింది. ఒప్పందం ఉంటే అవతలి దేశం కనీసం చర్చకు కూర్చోవాల్సి వచ్చేది.

అందుకని అమెరికా వద్దని నేను అనను. వెళ్లేవాళ్లు అక్కడి నడవా ఎవరి చేతిలో ఉందో తెలిసి, అప్పు లెక్క 12 నెలల ఓపీటీ మీదే వేసుకుని వెళ్లాలి. 36 నెలల జీతం ఖాయమన్న లెక్కతో ఇల్లు తాకట్టు పెట్టకండి. యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం వచ్చినప్పుడు కోర్సు పేరు చూసి ఊరుకోకుండా పక్కన ఉన్న సిప్ కోడ్ చూడండి. 24 నెలల పొడిగింపు ఆ ఆరంకెల కోడ్ మీద ఆధారపడుతుంది. ఒకే పేరున్న కోర్సుకి ఒక యూనివర్సిటీ ఒక కోడ్, ఇంకో యూనివర్సిటీ ఇంకో కోడ్ వేస్తాయి. మేనేజ్‌మెంట్, అనలిటిక్స్ కోర్సుల్లో ఇది ఎక్కువ. ఓపీటీకి కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల దాకా దరఖాస్తు పెట్టొచ్చు. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి గడవకూడదు.

అమెరికాతో మనకున్న ఒకే ఒక్క పనికొచ్చే కాగితం పన్నుల ఒప్పందం. 1989 సెప్టెంబర్ 12న సంతకమైంది. దాని 21వ ఆర్టికల్ రెండో పేరా ప్రకారం భారతీయ విద్యార్థి నాన్ రెసిడెంట్‌గా 1040-ఎన్ఆర్ అనే పన్ను ఫారం వేస్తున్నా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. మామూలుగా నాన్ రెసిడెంట్లకు అది ఉండదు. లెక్క చూడండి. 2024లో ఒక అబ్బాయి సీపీటీ (చదువుతుండగా ఇచ్చే పని అనుమతి), ఓపీటీల మీద 25,000 డాలర్లు సంపాదించాడు. డిడక్షన్ లేకపోతే ఫెడరల్ పన్ను సుమారు 2,768 డాలర్లు. ఆ ఏటి డిడక్షన్ 14,600 తీసేస్తే పన్ను వేయాల్సింది 10,400 మీదే, 10 శాతం చొప్పున 1,040. తేడా 1,700 డాలర్ల పైన. మన డబ్బుల్లో లక్ష రూపాయలు దాటింది. ఫారంలో ఆ ఆర్టికల్ పేరు రాయకపోవడం వల్ల, లేదా రెసిడెంట్లు వేసే 1040 ఫారం పొరపాటున వేయడం వల్ల ఇబ్బందులు వస్తాయి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మీరు పన్నుకి నాన్ రెసిడెంటే. ఆ ఐదేళ్లూ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు కూడా ఉండకూడదు. యజమాని కోసేస్తుంటే పే స్లిప్ చూసి వెంటనే అడగాలి.

బ్రిటన్ దగ్గర మన జనం ఎక్కువగా మోసపోయేది మాటల దగ్గర. 2025 జూలై 24న భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మర్నాటి నుంచే "ఇక యూకే వీసా సులువు" అన్న ప్రచారం నడిచింది. ఆ ఒప్పందంలో విద్యార్థి వీసా గురించి ఏమీ మారలేదు. కంపెనీ తరఫున వెళ్లేవాళ్లకు, ఏటా 1,800 మంది వంటవాళ్లు, యోగా శిక్షకులు, సంగీతకారులకు అవకాశాలు ఉన్నాయి. కంపెనీ పంపిన ఉద్యోగికి కొన్నేళ్లు అక్కడ సోషల్ సెక్యూరిటీ కట్టక్కర్లేని ఏర్పాటు పక్కనే జరిగింది. విద్యార్థికి నేరుగా ఏమీ లేదు. చదువయ్యాక ఉండే గ్రాడ్యుయేట్ రూట్ 2021 జూలైలో బ్రిటన్ తనంతట తెరిచింది, 2 ఏళ్లు ఇచ్చింది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు 18 నెలలు చేస్తానని తనంతటే ప్రకటించింది. పీహెచ్‌డీకి 3 ఏళ్లు అలాగే ఉంది. అంటే 2026 సెప్టెంబర్‌లో ఏడాది మాస్టర్స్‌లో చేరేవాడు 2027లో పూర్తి చేస్తాడు, అతనికి 18 నెలలే. ఫ్లెక్సీ మీద ఇంకా 2 ఏళ్లు అని ఉంటే కౌంటర్ దగ్గర ఈ తేదీ చూపించి అడగండి. 2024 జనవరి నుంచి రీసెర్చి కోర్సులవాళ్లు తప్ప మిగతావాళ్లు భార్యనో భర్తనో తీసుకెళ్లడం సాధారణంగా కుదరదు. అది కూడా ఒప్పందంలో లేని విషయమే.

బ్రిటన్‌తో సంతకం వల్ల నిజంగా వచ్చినవి రెండున్నాయి. ఒకటి 2021 మే 4న చేసుకున్న వలస, రాకపోకల భాగస్వామ్యం నుంచి పుట్టిన యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్. 18 నుంచి 30 ఏళ్ల వరకు వయసుండి డిగ్రీ ఉన్నవాళ్లకు ఏటా 3,000 దాకా, రెండేళ్ల వీసా, చదువులో చేరక్కర్లేదు, ఉద్యోగం ముందే ఉండక్కర్లేదు. 2,530 పౌండ్ల పొదుపు చూపాలి. లాటరీలా పేర్లు తీసే బ్యాలెట్‌లో పేరు వేయడం ఉచితం. అంటే పేరు వేయిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అది సేవకు కాదు, మీ తెలియనితనానికి వేసిన ధర. ఎంటెక్ చేసి రెండేళ్ల అనుభవం ఉన్న పిల్లాడు పాతిక లక్షల అప్పుతో ఇంకో మాస్టర్స్‌కి వెళ్లే ముందు, ఈ బ్యాలెట్‌లో పేరు వేసి చూడడం మేలు. రెండోది 2022 జూలై 21న చదువుల పరస్పర గుర్తింపు మీద కుదిరిన అవగాహన. దాని సంగతి చివర్లో చెబుతాను.

జర్మనీ ఒప్పందం మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. అందులో ఇచ్చిపుచ్చుకోవడం దాచకుండా కనిపిస్తుంది. 2022 డిసెంబర్ 5న ఢిల్లీలో సంతకమైంది. విద్యార్థులకు చదువయ్యాక 18 నెలల నివాస అనుమతి, ఏటా 3,000 మందికి ఉద్యోగం వెతుక్కునే వీసా, ఢిల్లీలో సర్టిఫికెట్లు పరిశీలించే కేంద్రం, ఇవన్నీ అందులో ఉన్నాయి. బదులుగా మన ప్రభుత్వం ఏమిచ్చింది? పత్రాలు లేకుండా అక్కడ ఉండిపోయిన మనవాళ్లను వెనక్కి తీసుకునే పద్ధతిని సులభం చేసింది. బ్రిటన్‌తో 2021లో కుదిరినదాంట్లోనూ ఇదే బేరం. ఒక కుర్రాడు వీసా ముగిశాక దొంగచాటుగా ఉండిపోతే, తర్వాత చర్చల బల్ల దగ్గర మన అధికారి గొంతు తగ్గుతుంది. అక్కడ చట్టప్రకారం నడుచుకోవడం వెనక వచ్చే మన ఊరి పిల్లల వీసాతో ముడిపడి ఉందంటే అతిశయోక్తి కాదు.

ఆ పరిశీలన కేంద్రమే ఏపీఎస్. 2022 నవంబర్ 1 నుంచి జర్మనీ విద్యార్థి వీసాకి దాని సర్టిఫికెట్ తప్పనిసరి. ఫీజు 18,000 రూపాయలు. వారాలు పడుతుంది, రద్దీ కాలంలో ఇంకా ఎక్కువ. చాలా యూనివర్సిటీలు దరఖాస్తు దశలోనే అడుగుతాయి కాబట్టి చివరి సెమిస్టర్ మొదలవగానే పని మొదలుపెట్టాలి. మన జిల్లాల పిల్లలకు ఇక్కడ ఆగిపోయే చోటు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, బీటెక్ మెమోలో చివరికి వస్తుంది. అప్పలనాయుడు ఒకచోట ఒకే మాట, ఇంకోచోట రెండు మాటలు. మనకు అది ఒకే మనిషి. ఢిల్లీలో కాగితాలు చూసేవాళ్లకు ముగ్గురు. పాస్‌పోర్ట్ తీసేటప్పుడే పదో తరగతి మెమోలో ఉన్న స్పెల్లింగ్‌నే అనుసరించడం, ఇంటిపేరు విప్పి రాయాల్సి వస్తే నోటరీ అఫిడవిట్ ఒకటి సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. బ్యాక్‌లాగ్‌లు రాసిన ప్రతి మెమో కూడా పెట్టాలి. ఫెయిలైన మెమో దాచేస్తే కన్సాలిడేటెడ్ మెమోతో తేదీలు కలవక అసలుకే అనుమానం వస్తుంది.

డబ్బు చూస్తే, ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024-25 శీతాకాలం నుంచి యూరప్ బయటివాళ్లకు సెమిస్టర్‌కి 2,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది. "జర్మనీలో చదువు ఫ్రీ" అన్న పాత మాట ఊరి పేరు చూడకుండా నమ్మకూడదు. బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, నెలకు 992 చొప్పున విడుదలవుతుంది. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు.

ఫ్రాన్స్ దగ్గర ఒక్క మాట జాగ్రత్త. 2023 జూలైలో ప్రధాని పర్యటనలో "ఐదేళ్ల వీసా" అన్న మాట బాగా పాకింది. ఫ్రాన్స్‌లో మాస్టర్స్ చేసిన భారతీయులకు ఇచ్చే ఆ ఐదేళ్లది షార్ట్ స్టే షెంగెన్ వీసా. 180 రోజుల్లో 90 రోజులు వెళ్లి రావడానికి. ఉద్యోగానికి కాదు. ఉద్యోగం వెతుక్కోవడానికి ఉన్నది వేరే, 2018 నాటి ఒప్పందం వల్ల మాస్టర్స్ వాళ్లకు 12 నెలలు, ఇంకోసారి పొడిగించుకోవచ్చు. రెండూ ఒకటే అనుకుని వెళ్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇటలీతో 2023 నవంబర్‌లో కుదిరినదాంట్లో చదువయ్యాక 12 నెలలు ఉండే వీలుంది.

ఒప్పందం లేకపోతే ఏమవుతుందో చూపించిన దేశం కెనడా. 2023లో వాణిజ్య చర్చలు ఆగాయి, రాజకీయంగా గొడవైంది, అక్టోబర్‌లో 41 మంది కెనడా దౌత్యవేత్తలు ఇక్కడి నుంచి వెళ్లిపోయారు, వీసాలు నెమ్మదించాయి. 2024 జనవరిలో విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టారు. త్వరగా వీసా వచ్చే ఎస్‌డీఎస్ పద్ధతిని 2024 నవంబర్ 8న ఒక్క ప్రకటనతో ఎత్తేశారు. ఎస్‌డీఎస్ మీద నమ్మకంతో ముందే ఫీజు కట్టినవాళ్లు మామూలు వరసలోకి వచ్చి పడ్డారు.

ఎంబీబీఎస్‌కి బయటికి వెళ్లేవాళ్లకు ఈ ఒప్పందాల గోల వర్తించదు. అక్కడ చూడాల్సింది మన నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబర్ నిబంధనలు. కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో, ఇంగ్లీష్‌లో బోధన, ఆ దేశంలో డాక్టరుగా రిజిస్టర్ కావడానికి అర్హత ఇచ్చే పట్టా. తర్వాత ఇక్కడ పరీక్ష, ఇంకో 12 నెలల ఇంటర్న్‌షిప్. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా ఎంత స్నేహదేశమైనా లాభం లేదు.

ఒప్పందం దారి తెరుస్తుంది కానీ డబ్బు కాగితాల దగ్గర ఎవరూ వెనకేసుకు రారు. బ్రిటన్‌కి చూపించే సొమ్ము వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్క రోజు కూడా తగ్గకూడదు, ఆ 28వ రోజు దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపు ఉండాలి. చీటీ పాడి పదో తారీఖున వేసి, ఇరవయ్యో తారీఖున విత్తనాలకని యాభై వేలు తీసి మళ్లీ వేస్తే లెక్క మొదటికొస్తుంది. సొమ్ము నాన్న ఖాతాలో ఉంటే పిల్లాడి జనన ధ్రువపత్రం కావాలి, పదో తరగతి మెమో చాలదు. ఇంట్లో పుట్టి నమోదు కానివాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆలస్యపు నమోదుకి ఆర్డీవో ఉత్తర్వు దాకా వెళ్లాలి, నెలలు పడుతుంది. వీసా తేదీ వచ్చాక మీసేవకి పరుగెత్తితే కాదు.

అప్పు సంగతి. ప్రభుత్వ బ్యాంకులు పెద్ద విద్యా రుణానికి సాధారణంగా వ్యవసాయ భూమి తాకట్టు ఒప్పుకోవు, ఇల్లు లేదా ఇంటి స్థలం అడుగుతాయి. డి-పట్టా భూమికి 1977 చట్టం అడ్డం. గ్రామకంఠంలో కట్టిన ఇంటికి లింకు డాక్యుమెంట్లు ఉండవు, లీగల్ ఒపీనియన్ దగ్గరే ఫైలు ఆగుతుంది. అందుకే దేశం ఎంచుకునే ముందే ఈసీ తీయించి న్యాయవాదికి చూపించండి. విదేశాలకు పంపే సొమ్ము ఆర్బీఐ పథకం కింద ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు. గుర్తింపు ఉన్న బ్యాంకు రుణంతో ఫీజు కడితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్, అంటే సొమ్ము పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, లేదు. సొంత సొమ్ము అయితే 10 లక్షలు దాటిన దాని మీద ఉంటుంది, శాతం బడ్జెట్‌ని బట్టి మారుతుంది. కట్టింది పోదు, ఎవరి పాన్ మీద కట్టారో వాళ్ల రిటర్నులో తిరిగి వస్తుంది. రిటర్ను వేయని తాతగారి పాన్ మీద పంపితే వెనక్కి తీసుకోవడానికి ఆయన చేత రిటర్ను వేయించాలి.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు గిరిజన పిల్లలకు ఒక మాట. కేంద్ర గిరిజన శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏటా 20 మందికి, అందులో 3 ఆదిమ తెగలకు. కొండ సవరలు ఆ తెగల్లో ఉన్నారు. యూరప్ సమాఖ్య ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ కూడా దౌత్యంలో భాగమే: ఫీజు లేదు, నెలకు 1,400 యూరోలు, రెండు మూడు దేశాల్లో చదువు. చాలా కోర్సుల దరఖాస్తులు అక్టోబర్ నుంచి జనవరి మధ్య ముగుస్తాయి. మన దగ్గర విదేశీ చదువు మాట ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఆ తేడాతోనే ఏటా అవకాశం పోతోంది.

ఒప్పందం చదవడం పెద్ద విద్య కాదు. విదేశాంగ శాఖ, వాణిజ్య శాఖ వెబ్‌సైట్లలో పూర్తి పాఠాలు ఉంటాయి. అందులో స్టూడెంట్ అనే మాట వెతకండి, ఆ వాక్యంలో క్రియ చూడండి. "షల్" అని ఉంటే ఆ దేశం చేసి తీరాలి. "ఎండెవర్" అని ఉంటే ప్రయత్నిస్తుంది, అంతే. ఎన్ని నెలలు, ఎంతమంది అని అంకె ఉందా చూడండి. అంకె లేని వాక్యాన్ని నమ్మి అప్పు చేయకూడదు.

ఇక గుర్తింపు. తిరిగొచ్చి ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో పీహెచ్‌డీకో, లెక్చరర్ పోస్టుకో దరఖాస్తు పెట్టేవాళ్లకు ఇది ముఖ్యం. బ్రిటన్ ఏడాది మాస్టర్స్‌కి ఇక్కడ రెండేళ్ల పీజీతో సమాన గుర్తింపు లేక ఏళ్ల తరబడి తిప్పలు పడ్డారు. 2022 జూలై అవగాహనతో అది తీరింది, కానీ ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, లా, ఆర్కిటెక్చర్ దాని బయటే ఉన్నాయి. మన పిల్లల్లో బీటెక్ వాళ్లే ఎక్కువ కాబట్టి కోర్సు ఏ విభాగం కిందకు వస్తుందో చేరకముందే చూడాలి. 2025 ఏప్రిల్ నుంచి విదేశీ డిగ్రీల సమానత్వానికి యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. ఫ్రాంచైజీ పద్ధతిలో నడిపే కాలేజీల పట్టాలకు అందులో గుర్తింపు లేదు. పట్టా మీద పెద్ద యూనివర్సిటీ పేరు ఉన్నా, చదివింది ఎక్కడో ఊళ్లో దాని పేరు వాడుకునే కాలేజీ అయితే ఆగిపోతుంది. ఆఫర్ లెటర్‌లో "బోధన జరిగే చోటు" అన్న గడి ఉంటుంది, సంతకం పెట్టే ముందు ఆ ఒక్క గడి చదవండి.